విజ్జీ గారి జట్టూ, మా ఊరి జట్టూ

సావనీరుకి ఏదో ఒకటి రాయమని యూనియన్ సెక్రటరీ గారు నన్ను అడగడానికి కారణం నా రచనా శక్తి కాదు. ఆర్ట్సు వాళ్లందరూ కవితలు ఇచ్చేశారనీ, మన బి.ఎస్సీ. వైపు నుంచి ఒక్క కాగితమూ రాలేదనీ, పరువు పోతోందనీ ఆయన బాధ. కవిత్వం నాకు రాదు. పోనీ ఫిజిక్సు మీద రాద్దామంటే అది లెక్చరర్ గారు రాస్తున్నారట. ఇక నాకు తెలిసినవి రెండే: వ్యవసాయం, క్రికెట్టు. వ్యవసాయం గురించి రాస్తే మా అయ్య చదివి తప్పులు పడతాడు. అందుచేత క్రికెట్టు.

మాది రాజాం పక్క పల్లె. నేను పుట్టినప్పుడు మాది శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక మేం విజయనగరం జిల్లా వాళ్లం అయిపోయాం. ఇల్లు కదల్లేదు, మడి కదల్లేదు, జిల్లా కదిలింది. మా అయ్య ఇప్పటికీ కాగితాల మీద శ్రీకాకుళం అనే రాసి కొట్టేస్తుంటాడు. అలా కొత్తగా వచ్చిన జిల్లా పట్నానికి ఒకసారి ఆటల నిమిత్తం వెళ్లినప్పుడు విజ్జీ స్టేడియం పేరు విన్నాను. విజ్జీ అంటే ఎవరో దొర అనుకున్నాను. పక్కనున్న సీనియర్ నవ్వి, "దొరే గానీ తెల్లదొర కాదు, మన కోటలో దొర" అన్నాడు.

ఆయన అసలు పేరు పూసపాటి విజయ ఆనంద గజపతిరాజు. 1905 డిసెంబరు 28న పుట్టారు. విజయనగరం రాజావారికి రెండో కొడుకు. రెండో కొడుకు కాబట్టి గద్దె లేదు. మహారాజు కాదు, మహారాజ్ కుమార్. కాశీలో వాళ్లకున్న ఎస్టేటు ఆయన వాటాకి వచ్చింది. అక్కడ కోట ఆవరణలోనే క్రికెట్ మైదానం చేయించి, 1926లో సొంత జట్టు కట్టారు. మన ఊరి పేరు పెట్టుకున్న ఆ జట్టు కాశీలో పెరిగిందన్నమాట.

గ్రంథాలయంలో పాత క్రికెట్ పుస్తకాలు రెండు మూడు దొరికాయి. వాటిలో విజ్జీ గారిని వెక్కిరించని పుస్తకం లేదు. కానీ ఆ జట్టు సంగతి మాత్రం చదువుతుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది. 1930లో ఉప్పు సత్యాగ్రహం. దేశమంతా అట్టుడికిపోతుంటే ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎం.సి.సి. జట్టు రావడం మానుకుంది. సరే, వాళ్లు రాకపోతే నేనే రప్పిస్తానని ఈయన జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ పిలిపించారు. అప్పటికి ప్రపంచంలో అంతకు మించిన ఓపెనింగ్ జోడీ లేదు. హాబ్స్ ఆ ఆగస్టులోనే టెస్టు క్రికెట్ నుంచి తప్పుకున్నాడు. ఆ డిసెంబరు 16కి ఆయనకి 48 ఏళ్లు నిండాయి. సట్‌క్లిఫ్‌కి 36. ఇద్దరూ డబ్బు పుచ్చుకుని ఆడే ప్రొఫెషనల్సు. 1930–31 శీతాకాలం అంతా వాళ్లు "విజయనగరం మహారాజ్ కుమార్ జట్టు" పేరున భారతదేశంలోనూ సిలోన్లోనూ ఆడారు. ఆ జట్టులో ఇండోర్ కుర్రాడొకడు ఉన్నాడు, పదహారేళ్లవాడు, ముస్తాక్ అలీ. ఆ కుర్రాడి పేరు మళ్లీ వస్తుంది.

ఐ.పి.ఎల్. వేలం 2008లో మొదలైందంటారు. డబ్బున్నవాడు ఆటగాళ్లని కొని తన పేరు మీద జట్టు దించడం అంతకు 78 ఏళ్ల ముందే మన విజయనగరం వాడు చేశాడు. కాకపోతే ఇప్పటి యజమానులు గ్యాలరీలో కూచుని చప్పట్లు కొడతారు. విజ్జీ గారు చప్పట్లతో ఊరుకోలేదు. జట్టు నాది కాబట్టి కెప్టెనూ నేనే అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో ఇంగ్లండులో డబ్బు తీసుకోకుండా ఆడేవాణ్ణి జెంటిల్మన్ అనీ, తీసుకుని ఆడేవాణ్ణి ప్లేయర్ అనీ అనేవారు. చాలా మైదానాల్లో ఇద్దరికీ వేర్వేరు గదులు, వేర్వేరు గేట్లు. ఈ తేడా 1962 ఆఖరికి గానీ రద్దు కాలేదు. హాబ్స్ తండ్రి కేంబ్రిడ్జిలో జీసస్ కాలేజీ మైదానం చూసుకునే పనివాడు. అంటే మన కాలేజీ గ్రౌండులో రోలర్ లాగే తాత కొడుకు ప్రపంచంలోకెల్లా గొప్ప బ్యాట్స్‌మన్ అయ్యాడన్నమాట. అయినా జీతగాడు జీతగాడే. కెప్టెన్సీ దొరలది. కూలికి కోతకెళ్లిన వాళ్ల కొడుకునైన నాకు ఇది ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. (మాకిప్పుడు రెండెకరాల పల్లం ఉంది. మా తాతకి అదీ లేదు.)

విజ్జీ జట్టు అచ్చంగా అలంకారపు జట్టు అనుకుంటే పొరపాటు. 1933–34లో డగ్లస్ జార్డిన్ నాయకత్వాన ఎం.సి.సి. మన దేశానికి వచ్చింది. అంతకు ముందు ఏడే ఆస్ట్రేలియాలో బాడీలైన్ బౌలింగ్‌తో రచ్చ చేసి వచ్చిన జార్డిన్. ఆ పర్యటన మొత్తమ్మీద ఆ జట్టు ఓడిపోయింది ఒక్కటే మ్యాచ్, కాశీలో, విజయనగరం జట్టు చేతిలో, 14 పరుగుల తేడాతో. మహమ్మద్ నిస్సార్ బౌలింగ్ ముందు వాళ్లు నిలవలేకపోయారు. ఇది చదివిన రోజు హాస్టల్లో అందరికీ చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

తరవాత కథే అందరికీ తెలిసింది. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి విజ్జీ గారు కెప్టెన్ అయ్యారు, ఆట చూసి కాదు, పలుకుబడి చూసి. జట్టులో ఉన్నది ఎవరు? సి.కె. నాయుడు. నాగపూర్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. 1926లో బొంబాయిలో ఎం.సి.సి. మీద 11 సిక్సర్లతో 153 కొట్టినవాడు, 1932లో లార్డ్స్‌లో మన మొట్టమొదటి టెస్టుకి కెప్టెన్. ఒక తెలుగువాడి కింద ఇంకో తెలుగువాడు ఆడాడంటే మనకి సంబరంగా ఉండాలి. కానీ ఆడగలిగినవాడు కింద, ఆడించే స్తోమత ఉన్నవాడు పైన. లార్డ్స్‌లో మైనర్ కౌంటీస్ మీద ఆడుతూండగా లాలా అమర్‌నాథ్‌ని ప్యాడ్లు కట్టించి కూచోబెట్టి, ఒకరి తరవాత ఒకర్ని ముందు పంపించారు. అప్పటికి పర్యటనలో ఎసెక్స్ మీద రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీ కొట్టినవాడు అమర్‌నాథ్. ఆట అయ్యాక పంజాబీలో ఏదో అన్నాడు. మొదటి టెస్టు కాకుండానే ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. ఆ తరవాత విచారణ సంఘం వేస్తే అమర్‌నాథ్ పక్షమే నెగ్గింది. విజ్జీ గారు మూడు టెస్టుల్లో కలిపి చేసినవి 33 పరుగులు, సగటు 8.25. ఆ సంవత్సరమే ఆయనకి సర్ బిరుదు వచ్చింది!

ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టులో విజయ్ మర్చంటూ, ఆనాటి ఇండోర్ కుర్రాడు ముస్తాక్ అలీ మొదటి వికెట్‌కి 203 పరుగులు చేశారు. ఇద్దరివీ సెంచరీలు. దీని వెనక ఒక కథ చెబుతారు. మర్చంట్‌ని రనౌట్ చేయించమని విజ్జీ గారు ముస్తాక్‌తో ముందే అన్నారట. ముస్తాక్ పిచ్ మీదకి వెళ్లి ఆ మాట మర్చంట్‌కే చెప్పేశాడట. ఇద్దరూ నవ్వుకుని ఆడుకున్నారట.

చూడండి, ముస్తాక్‌ని పదహారో ఏట చేరదీసింది విజ్జీ గారే. అయినా చెప్పేశాడు. ఈ కథ దగ్గర నేను పుస్తకం మూసేశాను. ఎందుకో చెప్పాలంటే మా ఊరి జట్టు సంగతి చెప్పాలి.

మా ఊళ్లో వరి కోసేసి కుప్పలు వేశాక, చెరువు కింద మళ్లల్లో పెసరో మినుమో చల్లని మడి ఒకటి చూసుకుని, గట్లు కాస్త చదును చేసి ఆడుకుంటాం. టెన్నిస్ బంతి, ప్యాడ్లు లేవు, గ్లవ్సు లేవు. పొడుగు మడి దొరికితే బౌలర్‌కి పండగ, అడ్డం మడి దొరికితే బ్యాటింగ్‌కి. నాకు జతగాడు ఒకడున్నాడు. పేరు రాయను. పక్కింటివాడు, పదో తరగతి దాకా కలిసే చదివాం. ఎడంచేతి వాటం. వాడి బంతి నేలకి తగిలాక ఎటు పోతుందో వాడికే తెలీదనేవాళ్లం గానీ వాడికి తెలుసు. మాగ్నస్ ఎఫెక్టు గురించి మేడం చెప్పిన రోజు నాకు బోర్డు మీద వాడి చెయ్యే కనబడింది.

రెండేళ్ల కిందటి సంక్రాంతికి చుట్టుపక్కల ఊళ్ల టోర్నమెంటు పెట్టారు. మా జట్టు ఎంట్రీ ఫీజు ఎలా కట్టాలా అని చూస్తుంటే, లేఅవుట్లు వేసి ప్లాట్లు అమ్ముకునే ఒక ఆసామి ముందుకొచ్చాడు. ఫీజు ఆయనే కట్టాడు. అందరికీ వీపు మీద ఆయన బొమ్మ ఉన్న జెర్సీలు, మంచి బ్యాట్లు రెండు, ఆట ఉన్న రోజు బిర్యానీ. ఒకటే షరతు, కెప్టెన్ ఆయన. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని మూడో నంబరులో దిగేవాడు. అది చాలక పట్నం నుంచి ఇద్దరు ఆటగాళ్లని మాట్లాడాడు, మ్యాచ్‌కి ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు. వాళ్లు మా ఊరి హాబ్సూ సట్‌క్లిఫూ. ఆ పేర్లు అప్పటికి నాకు తెలీవనుకోండి.

ఇద్దరు వస్తే ఇద్దరు పోవాలి కదా. ఒకడు తనంతట తనే మానేశాడు. రెండోవాడు ఎవరని ఆసామి నన్ను బండి దగ్గరికి పిలిచి అడిగాడు. నేను వైస్ కెప్టెన్ని. నాతో బాటు ఇంకొకడు కూడా తేలిగ్గా తియ్యదగ్గవాడే ఉన్నాడు, కానీ వాడి మావయ్య ఆసామికి స్నేహితుడు. ఇక మిగిలిన బ్యాట్స్‌మన్లలో తియ్యాలంటే న్యాయంగా నన్నే తియ్యాలి. పట్నం వాళ్లిద్దరూ ఓపెనర్లు, నేనూ ఓపెనర్నే. ఈ లెక్క నా బుర్రలో ఒక్క క్షణంలో అయిపోయింది. నేను మా జతగాడి పేరు చెప్పాను.

"ఆడు రెండ్రోజులై ప్రాక్టీసుకి రాలేదండి" అన్నాను.

అది నిజమే. చెరుకు కొట్టడానికి కూలికి వెళ్లాడు. నిజమైన కారణం నిజం కాకపోయినా, చెప్పిన కారణం నిజమైతే మనిషికి ఎంత ధైర్యంగా ఉంటుందో! ఆసామి తలూపాడు. మర్నాడు నాకు బూట్లు పంపించాడు, ముల్లు బూట్లు, ఒక సైజు పెద్దవి. కాగితం కుక్కుకుని వేసుకున్నాను.

మా జతగాడు ఏమీ అనలేదు. "సరేలేరా, నాను స్కోరు రాస్తాను" అన్నాడు. వాడి రాత గుండ్రంగా ఉంటుంది. మర్నాడు నుంచి చెట్టు కింద నోటు పుస్తకం పట్టుకు కూచున్నాడు.

సెమీఫైనల్లో నేను బాగా ఆడాను, ఇది మాత్రం గొప్పగానే చెప్పుకుంటాను. ఆఖరి ఓవర్ ఆఖరి బంతికి నాకు 49. యాభై కొట్టినవాడికి అయిదు వందలు ఇస్తామని మైకులో చెబుతున్నారు. బంతి లోపలికి వచ్చి నా కుడి ముడుసు ఎముకకి తగిలి పక్కకి పోయింది. పరిగెత్తాం, ఒక పరుగు వచ్చింది. పక్కూరి అంపైరు చేతిలో రాళ్లు లెక్క పెట్టుకుంటూ చూసుకోలేదు, ఏ సైగా చెయ్యలేదు. మా టోర్నమెంటులో లెగ్ బై ఉంది. చెట్టు కింద నుంచి మా జతగాడు లేచి నిలబడి అరిచాడు, "ఒరేయ్, బేటుకి తగిలిందేట్రా?"

మైదానమంతా నా వైపు చూసింది. "తగిలింది" అన్నాను.

వాడు కూచుని రాసేశాడు. మైకులో నా పేరు చదివారు. ఆ రాత్రి మా అమ్మ కాలికి కాపడం పెడుతుంటే పక్కనే కూచుని మాట్లాడాడు. ఎముక మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ. దాన్ని చూశాడు, నన్నూ చూశాడు. టెన్నిస్ బంతి బ్యాటుకి తగిలితే ఒక చప్పుడు, కాలికి తగిలితే ఇంకో చప్పుడు. చిన్నప్పట్నుంచీ నాకు బంతులు వేసినవాడికి ఆ తేడా నేను చెప్పాలా?

ఫైనల్ ఓడిపోయాం. బంతి తిప్పేవాడు ఒక్కడూ లేకపోయాడని ఆసామి మమ్మల్నే తిట్టాడు. ఆ వేసవిలో మా జతగాడు చెన్నై వెళ్లిపోయాడు, ఇళ్లు కట్టే పనికి. నేను కాలేజీకి వచ్చాను.

ఇప్పుడు మళ్లీ హాబ్స్ దగ్గరికి వస్తాను. విజ్డెన్ లెక్కన హాబ్స్ ఫస్ట్ క్లాసు సెంచరీలు 197, పరుగులు 61,237. గణాంకాల సంఘం వాళ్ల లెక్కన సెంచరీలు 199, పరుగులు 61,760. ఈ తేడా అంతా ఎక్కడ పుట్టిందంటే మన విజ్జీ గారి జట్టులో! 1930–31 పర్యటనలో కొట్టిన రెండు సెంచరీలని కలిపితే ఒక లెక్క, కలపకపోతే ఒక లెక్క. ఒకే మనిషి, ఒకే బ్యాటు, రెండు లెక్కలు. ల్యాబులో ఇద్దరు పార్ట్‌నర్ల రీడింగులు వేరేగా వస్తే మేం గొడవ పడతాం; ఇక్కడ ఇన్నేళ్లుగా రెండు రీడింగులూ నిలబడి ఉన్నాయి. అన్నిటికన్నా విశేషం, ఆ రెండూ లెక్కలోకి రాకూడదని హాబ్సే అనేవాడట. ఆ ఆటలు ఆ స్థాయివి కావని ఆయన అభిప్రాయం. బ్యాటుతో న్యాయంగా కొట్టినవే, ఎవరూ కాదనలేదు, అయినా వద్దన్నాడు. మైదానం పనివాడి కొడుకు.

నాది ఒక్క పరుగు. అదీ కాలితో చేసింది.

పోయిన సంక్రాంతికి మా జతగాడు ఊరొచ్చాడు. నల్లబడ్డాడు, చేతులు సిమెంటుకి పగిలిపోయాయి. ఆ నోటు పుస్తకం మా ఇంట్లోనే, అటక మీద ఉంది. దింపి, దులిపి, చెరువు గట్టు మీద కూచున్న వాడి దగ్గరికి పట్టుకెళ్లాను. ఏం చెప్పాలో అంతా అనుకుని వెళ్లినవాణ్ణి, "ఆ రోజు ఆఖరి బంతి బేటుకి తగల్లేదురా" అని మాత్రం అన్నాను.

"తెలుసు" అన్నాడు. "సప్పుడు ఇనబడింది గదా. నువ్వే సెప్తావని సూసినాను."

పెన్ను అడిగాడు. నా జేబులో ఉన్నది ఇచ్చాను. పేజీ తిప్పి, 50 కొట్టేసి 49 రాశాడు. కిందకి వచ్చి ఎక్స్‌ట్రాల్లో ఒకటి కలిపాడు. మొత్తం మళ్లీ కూడాడు, వేళ్ల మీద.

"జట్టు స్కోరు మారలేదులే" అని పుస్తకం నా చేతికిచ్చాడు. తరవాత మా అయ్య ధాన్యం ఏ రేటుకి తోలాడో అడిగాడు. చెన్నైలో ఆదివారాలు బీచి దగ్గర ఆడతారట, వీడి బంతి అక్కడా తిరుగుతోందట.

అయిదు వందలూ ఆ రోజే ఖర్చయిపోయాయి. బూట్లు ఇంకా ఉన్నాయి. ఇప్పుడు కాగితం అక్కర్లేదు, కాలు పెరిగింది. కానీ వేసుకోవడం లేదు.

విజ్జీ గారి మీద రాసిన వెక్కిరింతలు ఇప్పుడు చదివితే నాకు మునుపటంత నవ్వు రావడం లేదు. ఆయన్ని సమర్థిస్తున్నానని కాదు. చేసింది చేశారు. అయితే పుస్తకాలు త్వరగా దాటేసే సంగతులు కొన్ని ఉన్నాయి. 1954 నుంచి 57 దాకా ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షులు. ఆ రోజుల్లోనే, 1956–57లో, 61 ఏళ్ల సి.కె. నాయుడిని ఉత్తరప్రదేశ్ రంజీ జట్టుకి ఆడమని పిలిచింది విజ్జీ గారే. ఒకప్పుడు తన కింద ఆడించుకున్న మనిషిని ఆ వయసులో పిలిచి పెద్దరికం ఇచ్చారు. అది పశ్చాత్తాపమో, పాత అభిమానమో, ఊరికే రాజుల సరదాయో, నాకు తెలిసే వీలు లేదు. 1962లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకి నెగ్గారు. 1965 డిసెంబరు 2న కాశీలో పోయారు. మరుసటి ఏటి నుంచి యూనివర్సిటీల జోన్ల మధ్య ఆయన పేరున విజ్జీ ట్రోఫీ నడిచింది. అంటే మనబోటి కాలేజీ కుర్రాళ్ల ట్రోఫీకి ఆయన పేరే.

మా జతగాడికి ఒకటే చెప్పాను. రెండోది, ఆసామి బండి దగ్గర చెప్పిన మాట, చెప్పలేకపోయాను. ఆసామే తీసేశాడని వాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. చెరువు గట్టు మీద నోరు రాలేదు. ఫోనులో అసలు రాదు. ముస్తాక్ అలీకి పిచ్ మధ్యకి నడిచి వెళ్లి చెప్పడానికి ఎంతసేపు పట్టి ఉంటుంది? ఇరవై రెండు గజాలు. నాకు రెండేళ్లు చాలలేదు.

వాడు పదో తరగతే గానీ తెలుగు నా కన్నా బాగా చదువుతాడు. సంక్రాంతికి మళ్లీ వస్తాడు. సావనీరు కాపీలు నాకు రెండు కావాలని సెక్రటరీ గారికి ముందే చెప్పి ఉంచాను.